భాస్వరం ఎక్కడ అతుకుతుంది? సుబ్బారావు నీలి రంగు నుంచి లిపిడ్ కైనేజ్ మందుల దాకా

నర్మెట్ట నుంచి మాట్లాడుతున్నాను. పోయిన మూడు ఎపిసోడ్లు కాకతీయుల చెరువుల మీద చేశాం కదా, ఈసారి ల్యాబులోకి పోదాం. విషయం లిపిడ్ కైనేజ్‌లు. పేరు విని వెళ్లిపోకండి. ఇది కూడా చరిత్రే, పైగా మన తెలుగువాళ్లు మొదటి పేజీలోనూ ఉన్నారు, చివరి పేజీలోనూ ఉన్నారు.

ఏటా జనవరి 12 వచ్చిందంటే మన ఫోన్లకు ఒక మెసేజ్ వస్తది. యల్లాప్రగడ సుబ్బారావు గారి ఫొటో, కింద ఆయన కనిపెట్టిన వాటి జాబితా, ఆఖర్న "ఇంత చేసినా నోబెల్ ఇవ్వలేదు" అనే మాట. ఆ బాధ నాకు అర్థమవుతది. కానీ ఆ మెసేజ్ ఎప్పుడూ 1948 దగ్గర ఆగిపోతది, ఆయన చనిపోయిన సంవత్సరం దగ్గర. ల్యాబుల్లో మాత్రం ఆయన పని ఆగలేదు. ఆయన ఒక కొలత పెట్టి పోయారు. ఆ కొలత, దానితోపాటు ఆయన పట్టుకున్న ఒక అణువు, ఈ రెండూ లేకుండా ఇవాళ్టి కథ నడవదు. అందుకే నోబెల్ సంగతి ఈ ఎపిసోడ్‌లో మళ్లీ ఎత్తను.

మొదట భాస్వరం గురించి. రైతులకు దీన్ని నేను పరిచయం చేయక్కర్లేదు. దుక్కిలో వేసే అడుగు మందు, డీఏపీ బస్తా మీద 18, 46 అని రాసి ఉంటది. 18 నత్రజని లెక్క, 46 భాస్వరం లెక్క. భాస్వరం తక్కువైతే వేరు సరిగా దిగదు, మొక్క గిడసబారుతది. మన ఒంట్లోనూ అది ఎముకల్లో ఉంది, డీఎన్‌ఏలో ఉంది, ప్రతి కణం చుట్టూ ఉండే కొవ్వు పొరలో ఉంది. ఒంట్లో అది ఒంటరిగా తిరగదు. నాలుగు ఆక్సిజన్లను వెంటేసుకొని ఫాస్ఫేట్ రూపంలో ఉంటది. ఈ ఫాస్ఫేట్‌కు రుణావేశం ఎక్కువ. దేనికి అతికితే దాని నడవడి మారిపోతది. నిద్రపోయే ప్రోటీన్ లేస్తది, లేచి ఉన్నది పడుకుంటది.

ఫాస్ఫేట్‌ను ఏటీపీ అనే అణువు నుంచి తీసి ఇంకోదానికి అతికించే ఎంజైమ్‌ను కైనేజ్ అంటారు. ప్రోటీన్‌కు అతికిస్తే ప్రోటీన్ కైనేజ్. కొవ్వుకు, అంటే లిపిడ్‌కు అతికిస్తే లిపిడ్ కైనేజ్. నిర్వచనం ఇంతే.

ఇప్పుడు బోస్టన్ పోదాం. సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. ఖద్దరు కట్టుకొని తిరిగినందుకు ప్రొఫెసర్‌కు కోపం వచ్చి, ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చిందని ఆయన జీవిత చరిత్రలు చెప్తాయి. 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. పొట్ట గడవడానికి ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేశారు. తర్వాత హార్వర్డ్ మెడికల్ స్కూల్లో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు.

ఫిస్క్ ఆయనకు ఇచ్చిన పని వింటే ఎవరికైనా ఆవలింత వస్తది. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలవడానికి నమ్మకమైన పద్ధతి తయారు చేయాలి. అప్పటికే పద్ధతులు లేకపోలేదు, కానీ ఒకటి నెమ్మది, ఇంకోటి పక్కన వేరే పదార్థాలు ఉంటే తప్పు లెక్క చూపిస్తది. వీళ్లిద్దరూ చేసింది ఏంటంటే, ప్రోటీన్లు తీసేసిన ద్రవంలో ఆమ్లం కలిపిన మాలిబ్డేట్ పోశారు. అది ఫాస్ఫేట్‌ను పట్టుకుంటది. తర్వాత అమైనో నాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం అనే ఇంకో రసాయనం వేశారు. నీలి రంగు తేలుతది. ఫాస్ఫేట్ ఎక్కువుంటే ముదురు నీలం, తక్కువుంటే లేత నీలం. తెలిసిన కొలత ఉన్న నీలాన్ని పక్కన పెట్టి కంటితో పోల్చి చూడడమే. 1925లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో అచ్చయింది. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అని పేరు పడింది. ఇరవయ్యో శతాబ్దంలో తోటి శాస్త్రజ్ఞులు ఎక్కువసార్లు ఉదహరించిన పేపర్లలో అదొకటి. ఇవాళ్టికీ బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో పిల్లలు చేస్తున్నారు. తాము వాడే పద్ధతిలో సగం పేరు భీమవరం మనిషిదని వాళ్లలో ఎంతమందికి తెలుసో!

ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే నాకు ఈ కథ మొత్తంలో ఇష్టమైన చోటు ఇదే. ఆ పద్ధతిని వాళ్లు కండరం మీద ప్రయోగించారు. మామూలుగా నీలి రంగు కొన్ని నిమిషాల్లో తేలి నిలిచిపోవాలి. కండరం నుంచి తీసిన ద్రవంలో మాత్రం అట్లా నిలవలేదు. రంగు నెమ్మదిగా, ఇంకా ఇంకా ముదురుతూ పోయింది. వేరేవాళ్లయితే సీసా సరిగా కడగలేదేమో అనుకొని పారబోసేవారు. వీళ్లు అడిగిన ప్రశ్న వేరు. ఫాస్ఫేట్ దేని నుంచో విడిపోయి కొంచెం కొంచెంగా బయటికి వస్తున్నట్టుంది, అది దేని నుంచి? వెతికితే దొరికింది ఫాస్ఫోక్రియాటిన్. ఆమ్లం తగలగానే విరిగిపోయే సరుకు. అంతకుముందు అందరూ కండరంలో విడి ఫాస్ఫేట్ అని లెక్క రాసుకున్నదాంట్లో చాలా భాగం నిజానికి దీని నుంచి విరిగి వచ్చిందే. ఇది 1927. అదే సమయంలో ఇంగ్లండ్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా దీని జాడ పట్టారు. కండరం పనిచేస్తే ఈ పదార్థం తరుగుతది, విశ్రాంతి ఇస్తే మళ్లీ నిండుతది. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తదనే సిద్ధాంతానికి 1922 సంవత్సరపు నోబెల్ ఇచ్చి ఉన్నారు. దాని పునాది అక్కడ కదలడం మొదలైంది.

రెండేళ్లకు, 1929లో, ఏటీపీ. ఇక్కడ ఫార్వర్డ్ మెసేజ్‌లు తొందరపడతాయి, "ఏటీపీని కనిపెట్టిన తెలుగువాడు" అని తేల్చేస్తాయి. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని వేరు చేశాడు, ఆ పేపరు కూడా అచ్చులో ఉంది. ఇద్దరి పేరూ చెప్పాలి. ఫిస్క్ పేరు కూడా చెప్పాలి. అట్లా చెప్పినందువల్ల సుబ్బారావు గారు ఏమీ తగ్గిపోరు.

తర్వాత 1940లో ఆయన లెడర్లీ ల్యాబ్స్‌కు వెళ్లారు. అక్కడి కథ మీకు తెలిసిందే, గబగబా చెప్పేస్తా. ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలుకు పంచే డీఈసీ మాత్ర, ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్. ఆ అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చి, కొందరిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆగస్టులో సుబ్బారావు చనిపోయారు. 53 ఏళ్లు.

మెసేజ్ ఆగిపోయేది ఇక్కడే. మనం ముందుకు పోదాం.

కణం చుట్టూ ఉండే పొర కొవ్వుతో చేసిందని చెప్పాను. చాలాకాలం దాన్ని ఇంటి గోడలాగానే చూశారు. గోడ పని లోపలిది లోపల, బయటిది బయట ఉంచడం. గోడ మాట్లాడుతుందని ఎవరూ అనుకోలేదు. హోర్డీ ఫోల్క్ అనే కాటలాన్ శాస్త్రజ్ఞుడు, ఆయన కూడా బోస్టన్ దగ్గరే పనిచేశాడు, 1940ల్లో మెదడు కొవ్వులో ఇనోసిటాల్ అనే చక్కెర లాంటి పదార్థం ఉందని చూపించాడు. దానికి అదనపు ఫాస్ఫేట్లు కూడా అతికి ఉన్నాయని చెప్పాడు. ఎందుకున్నాయో ఎవరికీ అంతు చిక్కలేదు.

1953లో కెనడాలోని మాంట్రియల్‌లో మేబెల్ హోకిన్, లోవెల్ హోకిన్ అనే భార్యాభర్తలు పావురం క్లోమాన్ని పలచగా కోసి, రేడియోధార్మిక భాస్వరం ఉన్న ద్రవంలో ఉంచారు. దాని మీద అసిటైల్‌కోలిన్ వేశారు. అది నరాలు వాడే సంకేతం, క్లోమాన్ని "ఎంజైములు వదులు" అని అడిగే పిలుపు. క్లోమం ఎంజైములు వదిలింది, అందులో వింత లేదు. కానీ పొరలోని కొవ్వుల్లోకి రేడియోధార్మిక భాస్వరం కొన్ని రెట్లు ఎక్కువగా ఎక్కింది. బయట పిలుపు వినపడగానే గోడలో ఫాస్ఫేట్లు మారుతున్నాయి! వాళ్లు తర్వాత ఆ కొవ్వుల్లో ముఖ్యమైనది ఇనోసిటాల్ కొవ్వేనని తేల్చారు. లోకం మాత్రం ఇరవై ఏళ్లకు పైగా పెద్దగా పట్టించుకోలేదు. 1975లో బాబ్ మిచెల్ అనే ఇంగ్లండ్ శాస్త్రజ్ఞుడు అన్ని ప్రయోగాలనూ ఒకచోట చేర్చి, ఇది సంకేతమేనయ్యా అని గట్టిగా వాదించాకే కదలిక వచ్చింది.

ఈ మధ్యకాలంలో సుబ్బారావు ఎక్కడున్నారంటారా? కొవ్వును ఎంత తీశాం అని లెక్క కట్టాలంటే తూకం వేస్తే సరిపోదు, అది పిసరంత ఉంటది. అందులోని భాస్వరాన్ని కొలిచి, దాన్నిబట్టి కొవ్వు లెక్క కడతారు. 1959లో బార్ట్‌లెట్ అనే ఆయన అందుకు ఒక పద్ధతి రాశాడు. అందులో నీలి రంగు తేల్చడానికి వాడినది ఫిస్క్–సుబ్బారావు ద్రావణమే, వేడి చేసే తీరు మార్చాడు. ఫాస్ఫోలిపిడ్ల మీద పనిచేసిన తరాలకు తరాలు దాన్ని వాడాయి. ఇక లిపిడ్ కైనేజ్ కొవ్వుకు అతికించే ఫాస్ఫేట్ వచ్చేది ఏటీపీ నుంచే. అందుకే మొదట్లో అన్నాను, ఒక కొలత, ఒక అణువు అని.

ఇప్పుడు ఈ కైనేజ్ చేసే పని ఏంటో మన ఊరి లెక్కలో చెప్తాను. ఊళ్లో చాటింపు వేసే మనిషి డప్పు కొట్టుకుంటూ వీధి వెంట పోతాడు. ఇంట్లోకి రాడు. ఇన్సులిన్ లాంటి హార్మోను కూడా అంతే, కణం గుమ్మం దగ్గరే ఆగిపోతది. మరి లోపలివాళ్లకు ఎట్లా తెలియాలి? ఇంటింటి కుటుంబ సర్వే జరిగినప్పుడు ముందురోజుల్లో వచ్చి తలుపుకు స్టిక్కర్ అంటించి పోయారు గుర్తుందా? ఆ తర్వాత లెక్క రాసేవాళ్లు ఆ స్టిక్కర్ చూసుకొని వచ్చారు. లిపిడ్ కైనేజ్ అంటించేది అట్లాంటి స్టిక్కరే, కాకపోతే గోడకు లోపలి వైపు. పొరలోని ఇనోసిటాల్ కొవ్వు మీద ఫాస్ఫేట్ అతుకుతది. కణం లోపల తిరిగే ప్రోటీన్లలో కొన్నింటికి ఆ స్టిక్కర్‌ను గుర్తుపట్టే భాగం ఉంటది. అవి వచ్చి అక్కడ గుమిగూడతాయి, పని మొదలవుతది. పని అయ్యాక ఎవరో వచ్చి స్టిక్కర్ పీకేయాలి. పీకేవాళ్లు లేకపోతే ఏమైతదో కాసేపట్లో చెప్తా.

1980ల మొదట్లో అందరి చూపూ ఇంకో దారి మీద ఉండేది. ఇదిగో, బోర్డు మీద ఆరు మూలల ఉంగరం గీశాను, ఇది ఇనోసిటాల్. ఒకటో మూల కొవ్వుకు కట్టేసి ఉంది. నాలుగో మూల, ఐదో మూల మీద ఫాస్ఫేట్ పెట్టే కైనేజ్‌లు ఉన్నాయని అప్పటికే తెలుసు. అట్లా తయారైన కొవ్వును ఒక ఎంజైమ్ కత్తిరిస్తే తల భాగం కణంలోకి పోయి కాల్షియంను విడుదల చేయిస్తదని 1983లో బెరిడ్జ్, ఆయన సహచరులు చూపించారు. చాలా గొప్ప పని. ఎంత గొప్పదంటే, ఇక కథ అయిపోయిందని చాలామంది అనుకున్నారు. నాలుగు, ఐదు మూలలు, కత్తిరింపు, కాల్షియం, అంతే.

లూయిస్ కాంట్లీ, ఆయన విద్యార్థి మాల్కమ్ విట్‌మన్ వేరే చోటు తవ్వుతున్నారు. ఎలుకల్లో కంతులు పుట్టించే పాలియోమా అనే వైరస్ ఉంది. దాని ప్రోటీన్ ఒకటి కణాన్ని క్యాన్సర్ దారి పట్టిస్తది. ఆ ప్రోటీన్‌ను పట్టి బయటికి లాగితే దానితోపాటు ఒక లిపిడ్ కైనేజ్ కూడా అంటుకొని వచ్చింది. ఆ ప్రోటీన్‌ను మార్చి, క్యాన్సర్ పుట్టించే శక్తి పోయేలా చేసిన రకాల్లో చూస్తే, ఆ కైనేజ్ జత లేదు. 1985లో ఈ ఫలితం వచ్చింది. అందరూ అది నాలుగో మూల మీద ఫాస్ఫేట్ పెట్టే మామూలు ఎంజైమే అనుకున్నారు. ఎందుకు అనుకోరు? పలక మీద కొవ్వులను పరిగెత్తించి చూస్తే మచ్చ దాదాపు అదే చోట పడుతోంది.

దాదాపు. ఈ మాట దగ్గరే కథ తిరిగింది. మచ్చ కొంచెం తేడాగా ఉంది. నీలి రంగు నెమ్మదిగా ముదిరినప్పుడు ఫిస్క్, సుబ్బారావు ఏం చేశారో వీళ్లూ అదే చేశారు, ఆ తేడా వెంట పడ్డారు. బ్రిటన్‌లోని సహచరుల సాయంతో కొవ్వు తోక తీసేసి, తల భాగాన్ని ఇంకా సూక్ష్మంగా వేరుచేసి చూశారు. ఫాస్ఫేట్ ఉన్నది నాలుగో మూల మీద కాదు, మూడో మూల మీద. ఎవరూ ఊహించని మూల. 1988లో నేచర్ పత్రికలో వచ్చింది. ఆ ఎంజైమ్‌నే ఇవాళ పీఐ 3 కైనేజ్ అంటున్నాం. పేరులో 3 అనేది ఆ మూల నంబరే. మూడో మూల మీద ఫాస్ఫేట్ ఉన్న కొవ్వును ఆ పాత కత్తిరింపు ఎంజైమ్ పెద్దగా ముట్టుకోదు. అంటే ఇది కాల్షియం దారి కాదు, వేరే దారి. స్టిక్కర్ అని చెప్పింది దీని గురించే.

ఆ స్టిక్కర్ చూసి వచ్చే ప్రోటీన్లలో పెద్దది ఏకేటీ. అది కణానికి "తిను, పెరుగు, చావకు" అని చెప్తది. ఇన్సులిన్ వచ్చినప్పుడు కండరం, కొవ్వు కణాలు రక్తంలోంచి చక్కెరను లోపలికి తీసుకునేది ఈ దారిలోనే. మన ఊళ్లలో షుగర్ లేని ఇల్లు వెతకాల్సి వస్తోంది కదా. ఇన్సులిన్ ఉన్నా ఒళ్లు వినట్లేదు అని డాక్టర్లు అంటారే, ఆ చెవుడు ఎక్కువగా కనిపించే చోట్లలో ఈ దారి ఒకటి.

స్టిక్కర్ పీకే మనిషి పేరు పీటెన్. 1997లో ఆ జన్యువును పట్టినప్పుడు, మెదడు, రొమ్ము, ప్రోస్టేట్ కంతుల్లో అది తరచూ పాడైపోయి ఉందని మాత్రమే తెలిసింది. మొదట అది ప్రోటీన్ల మీద నుంచి ఫాస్ఫేట్ తీసేది అనుకున్నారు, ఆకారం అట్లాగే ఉంది మరి. 1998లో మయెహామా, డిక్సన్ అనే ఇద్దరు చూపించింది ఏంటంటే, అది తీసేది కొవ్వు మీది ఫాస్ఫేట్, అదీ సరిగ్గా మూడో మూల మీదిది. ఒకడు అంటిస్తాడు, ఒకడు పీకుతాడు. పీకేవాడు పోతే గుమ్మం మీద స్టిక్కర్ ఎప్పటికీ ఉంటది, కణానికి "పెరుగు" అనే మాట ఎప్పటికీ వినపడుతూనే ఉంటది. 2004లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ బృందం అంటించేవాడి జన్యువును కూడా కంతుల్లో చదివింది. పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లతోపాటు ఇంకొన్నింటిలో అది మారిపోయి, పిలుపు లేకున్నా పనిచేస్తోందని తేలింది.

అక్కణ్నుంచి మందుల కంపెనీలన్నీ దీని వెంట పడ్డాయి. ఈ కైనేజ్ ఒక్కటి కాదు, ఆల్ఫా, బీటా, గామా, డెల్టా అని నాలుగు అన్నదమ్ములు. ఆల్ఫా, బీటా ఒళ్లంతా ఉంటారు. గామా, డెల్టా ఎక్కువగా తెల్ల రక్తకణాల్లో ఉంటారు. రక్తకణాల క్యాన్సరుకు డెల్టాను ఒక్కణ్నే ఆపితే మిగతా ఒళ్లు బాగుంటది కదా అనేది ఆలోచన. చాలా తెలివైన ఆలోచన. 2014 జూలైలో ఐడెలాలిసిబ్ అనే మాత్రకు అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదం వచ్చింది. ఆ తరగతిలో అదే మొదటిది.

ఇక్కడ హైదరాబాద్ వస్తది. స్వరూప్ వక్కలంక స్థాపించిన రైజెన్ ఫార్మా అనే సంస్థ ఉంది. కేంద్ర కార్యాలయం స్విట్జర్లాండ్‌లో, పరిశోధన పని హైదరాబాద్‌లోని ఇంకోజెన్‌తో ముడిపడి ఉంది. వాళ్లు కనిపెట్టిన డెల్టా నిరోధకం అంబ్రాలిసిబ్. అమెరికాలో దాన్ని టీజీ థెరప్యూటిక్స్ అనే కంపెనీ ముందుకు తీసుకెళ్లింది. 2021 ఫిబ్రవరి 5న రెండు రకాల లింఫోమాకు ఎఫ్‌డీఏ దాన్ని ఆమోదించింది. హైదరాబాద్ అంటే వేరేవాళ్లు కనిపెట్టిన మందును చవగ్గా తయారుచేసే ఊరు అని పేరు. కొత్త అణువును కనిపెట్టి అమెరికా ఆమోదం దాకా తీసుకుపోవడం అరుదు. ఆ వార్త చదివిన రోజు నాకు నిజంగా సంతోషం వేసింది, దాచుకోవడం ఎందుకు.

కానీ ఆ ఆమోదం త్వరిత పద్ధతిలో వచ్చింది. అంటే కంతి తగ్గుతోందని చూసి ముందు ఇస్తారు, మనిషి ఎక్కువకాలం బతుకుతున్నాడా అనేది తర్వాత చూపించాలి. ఇంకోపక్క దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకేమియా రోగుల మీద పెద్ద ట్రయల్ నడుస్తోంది, అంబ్రాలిసిబ్‌ను ఇంకో మందుతో కలిపి. కొత్త లెక్కలు వచ్చేసరికి, ఈ మందు తీసుకున్న గుంపులో చావుల ముప్పు ఎక్కువుండవచ్చని కనపడింది. 2022 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. ఏప్రిల్‌లో కంపెనీ తనంతట తానే వెనక్కి తీసుకుంటామంది. జూన్ 1న ఆమోదం రద్దయినట్టు ఎఫ్‌డీఏ ప్రకటించింది. పదహారు నెలలు కూడా నిండలేదు.

ఇది హైదరాబాద్ అణువు ఒక్కదానికే పట్టిన గ్రహచారం అనుకోకండి. ఐడెలాలిసిబ్‌కు కూడా 2016లో ఇలాంటి దెబ్బే తగిలింది, ఇన్ఫెక్షన్లు, చావులు ఎక్కువై అనేక ట్రయల్స్ ఆపేశారు. కారణం వెనక్కి పోయి చూస్తే కనపడుతది. డెల్టా ఉన్నది క్యాన్సర్ పట్టిన తెల్ల కణాల్లోనే కాదు, మనల్ని కాపాడే మంచి తెల్ల కణాల్లోనూ ఉంది. అందులోనూ మిగతావాటిని అదుపులో పెట్టే ఒక రకం టీ కణాలకు డెల్టా చాలా అవసరం. దాన్ని ఆపేస్తే ఒకపక్క ఇన్ఫెక్షన్లు, ఇంకోపక్క అదుపు తప్పిన కణాలు పేగు మీద, కాలేయం మీద, ఊపిరితిత్తుల మీద పడతాయి. ఆల్ఫాను ఆపే ఆల్పెలిసిబ్ అనే రొమ్ము క్యాన్సర్ మందుకు 2019లో ఆమోదం వచ్చింది, అది వాడేవాళ్లలో చాలామందికి రక్తంలో చక్కెర పెరుగుతది. ఎందుకో మీకు ఇప్పుడు నేను చెప్పక్కర్లేదు. ఇన్సులిన్ వాడే గుమ్మం కూడా అదే.

2022 ఏప్రిల్ 21న ఎఫ్‌డీఏ సలహా సంఘం ఈ తరగతి మందులన్నింటి మీద కూర్చుంది. ఇకమీదట రక్త క్యాన్సర్లలో ఈ మందులకు ఆమోదం ఇవ్వాలంటే, రోగులను చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి పోల్చిన ట్రయల్ ఉండాలా అని అడిగారు. 16 మంది ఉండాలన్నారు, ఒకరు తటస్థంగా ఉన్నారు, అక్కర్లేదన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఆమోదం వచ్చినప్పుడు తెలుగులో కనపడినంత ఉత్సాహం ఈ ఉపసంహరణ గురించి మాట్లాడడంలో నాకు కనపడలేదు. జనగామ నుంచి కూడా ఎంఎన్‌జేకు, ప్రైవేటు ఆస్పత్రులకు క్యాన్సర్ చికిత్స కోసం పోయేవాళ్లు ఉన్నారు, వాళ్లకు "కొత్త టార్గెట్ మాత్ర" అనే మాట వినపడుతది. కంతి తగ్గించడం, ఆయుష్షు పెంచడం ఒకటి కాకపోవచ్చు అనేది వాళ్లకు తెలియాల్సిన విషయం. మన ఊరి మందు వెనక్కి పోయిందన్న చిన్నతనంతో దాన్ని దాచిపెడితే నష్టపోయేది వాళ్లే. నా ఉద్దేశంలో అంబ్రాలిసిబ్ కథ సుబ్బారావు కథతోపాటు పిల్లలకు చెప్పాలి, రెండూ పక్కపక్కన పెట్టి.

ఇంకో సంగతి చెప్పి వదిలేస్తా. కొంతమంది పిల్లలు పుట్టుకతోనే డెల్టా కైనేజ్ అతిగా పనిచేసే జన్యు మార్పుతో పుడతారు. స్టిక్కర్లు అక్కర్లేకున్నా అంటిస్తూనే ఉంటది. తెల్ల కణాలు అలిసిపోయి, మాటిమాటికీ ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు, మెడ కింద వాపులు. అదొక జబ్బని 2013లో గానీ గుర్తించలేదు. అంతకుముందు ఎంతమందికి ఏం పేరు పెట్టి ఏం మందు వేశారో! వాళ్ల కోసం లెనియోలిసిబ్ అనే డెల్టా నిరోధకానికి 2023 మార్చిలో ఎఫ్‌డీఏ ఆమోదం వచ్చింది, పన్నెండేళ్లు దాటినవాళ్లకు. ఇక్కడ మందు పని డెల్టాను మొత్తం నోరు మూయించడం కాదు, అతిగా అరిచేదాన్ని మామూలు గొంతుకు తేవడం. వాళ్లలో వాపులు తగ్గాయి, రక్తంలో కణాల లెక్క సర్దుకోవడం మొదలైంది.

వచ్చే ఎపిసోడ్‌లో బోదకాలు మాత్ర కథ చెప్తాను, డీఈసీది.